ఇరవై తొమ్మిదో చాంద్

యురేనస్‌కు ఇప్పుడు 29 చందమామలు. ఇరవై తొమ్మిదోది జేమ్స్ వెబ్ దూర్బీన్ తీసిన ఫొటోల్లో దొరికింది. ఫొటోలు తీసింది 2025 ఫిబ్రవరి 2న, నాసా ఏలాన్ చేసింది ఆగస్టు 19న. మనకు ఇరవై తొమ్మిది అంటే వేరే లెక్క గదా! షాబాన్ 29, రంజాన్ 29... మగ్రిబ్ కాంగనే మిద్దెలెక్కి పడమర దిక్కు చూసేటోళ్లం. చాంద్ కనపడిందా అన్నది ఒక సవాల్. ఎవరు చూశారు, వాళ్ల గవాహీ ఎంత పక్కా అన్నది అంతకంటే పెద్ద సవాల్. వెబ్ ముచ్చట చదువుతుంటే అక్కడ కూడా అంతా గవాహీ మీదనే నడిచిందనిపించింది.

యురేనస్ సూరజ్‌కు సుమారు 290 కోట్ల కిలోమీటర్ల దూరంలో తిరుగుతది. దాని చుట్టూ జుహల్‌కు ఉన్నట్టే హల్ఖాలుంటయి. ఈ కొత్త చాంద్ అడ్డంగా కొలిస్తే పది కిలోమీటర్లే ఉండొచ్చని అందాజా. కరీంనగర్‌లో బండి తీస్తే ఇరవై నిమిషాల్లో దాటేసేంత. 1986లో వాయేజర్-2 దగ్గర్నుంచే పోయింది గానీ దానికి ఇది చిక్కలేదు. సయ్యారా రోష్నీ పక్కన ఇంత చిన్న చుక్క ఆనవట్టడం ముష్కిల్. అందుకే వెబ్ ఒక్కోటి నలభై నిమిషాల చొప్పున పది ఫొటోలు తీసింది. ఒక్క ఫొటోలో కనపడితే దూరపు సితారా కావచ్చు, కెమెరా మచ్చ కావచ్చు. ఫొటో తర్వాత ఫొటోలో అదే చుక్క సయ్యారా చుట్టూ తన మదార్ మీద జరుగుతుంటేనే చాంద్. అంటే పది గవాహీలన్నమాట.

ఒక్క గవాహీతో ఏమైతదో మన దేశంలోనే ఒక మిసాల్ ఉంది. 1977 మార్చి 10న యురేనస్ ఒక సితారా ముందు నుంచి పోయే రాత్రి, తమిళనాడులోని కావలూరులో జె.సి. భట్టాచార్య, కె. కుప్పుస్వామి దూర్బీన్ పెట్టి కూర్చున్నారు. సితారా రోష్నీ కాసేపు తగ్గింది. కొత్త చాంద్ అడ్డమొచ్చిందనుకుని నేచర్ పత్రికలో అట్లనే రాశారు. అదే రాత్రి హిందూ మహాసముద్రం మీద ఎగురుతున్న అమెరికా విమానంలోని దూర్బీన్‌కు మాత్రం ఆ సితారా సయ్యారా వెనక్కి పోకముందు ఐదుసార్లు, బయటికొచ్చినంక ఐదుసార్లు మసకబారింది. రెండు దిక్కులా ఒకే తీరు. అప్పుడు తేలింది, అడ్డమొచ్చింది చాంద్ కాదు, హల్ఖాలని. కావలూరు వాళ్లు చూసింది ఝూట్ కాదు, అధూరా. తక్కిన గవాహీలు కలిసినంకనే పూరా అయింది.

అప్పుడు ఆ కావలూరు సంస్థకు డైరెక్టర్ వైను బప్పు. ఆయన పెరిగింది హైదరాబాద్‌లో. వాళ్ల నాన్న నౌకరీ నిజామియా అబ్జర్వేటరీలో. 1901లో నవాబ్ జఫర్ జంగ్ సొంత షౌక్‌తో మొదలుపెట్టిన దూర్బీన్ ఘర్ అది. దునియాలోని పలు అబ్జర్వేటరీలు ఆస్మాన్‌ను పంచుకుని ఫొటోలు తీసినప్పుడు మన హైదరాబాద్ కూడా తన హిస్సా గాజు పలకల మీద తీసిచ్చింది. 1919లో అది ఉర్దూ జబాన్‌లో పాఠాలు చెప్పిన ఉస్మానియా చేతికొచ్చింది. ఆస్మాన్‌ను ఫొటో తీసే ఇల్మ్ మనకు పరాయిది కాదని చెప్పడానికే ఇదంతా.

ఎవరికి చెప్పడానికంటే, ముందు మా దూలాభాయ్‌కి. నేను, అమ్మీ కరీంనగర్‌లో ఉంటాం. ఆపా వాళ్లది ఆదిలాబాద్. భాంజీ ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పాసయింది. హైదరాబాద్ పోయి బీఎస్సీ ఫిజిక్స్ చేస్తానంటున్నది. దూలాభాయ్‌ది ఒకటే మాట: "పఢ్ కే క్యా కర్‌తీ? తారే గిన్‌తీ?" ఆయన బురా ఆద్మీ కాదు. ఆటో నడిపి ముగ్గురు పిల్లల్ని చదివించిండు. హాస్టల్ ఖర్చు, రేపటి నౌకరీ, ఖాన్‌దాన్‌లో నలుగురి మాటలు, ఆయన ఫికర్ ఆయనది.

కొత్త చాంద్‌ను పట్టిన టీమ్‌ను నడిపిన సైంటిస్ట్ పేరు మరియమ్ ఎల్ ముతామిద్. ఆ పేరు ఫోన్‌లో చదివి వినిపిస్తే అమ్మీ "మరియమా?" అని రెండుసార్లు అడిగింది. మన ప్రతి గల్లీలో ఒక మరియమ్ ఉంటది గదా! కాసేపు తస్బీహ్ తిప్పి నా ఫోన్ నుంచే దూలాభాయ్‌కి కలపమంది. మబ్బు పట్టిన రోజు రంజాన్ చాంద్‌కు ఒక్క ఆదిల్ ఔరత్ గవాహీ ఇచ్చినా హనఫీ ఫిఖాలో కుబూల్. అమ్మీకి ఆ మస్లా చిన్నప్పటి నుంచి తెలుసు.

"చాంద్ దేఖీ బోలే తో ఔరత్ కీ గవాహీ చల్‌తీ. పఢ్‌తూఁ బోలే తో కైకూ నై చల్‌తా, బేటా?" అంది.

అవతల దూలాభాయ్ చాలాసేపు ఏం మాట్లాడలేదు. "సోచ్‌తూఁ అమ్మీ" అని పెట్టేసిండు.

దోస్త్‌లో ఆప్షన్లు పెట్టడానికి ఇంక పది రోజులే ఉంది. ఆయన ఇంకా హాఁ అనలేదు. ఈ జుమ్మా నమాజ్ కాంగనే నేను ఆదిలాబాద్ బస్సెక్కుతున్నా. అమ్మీ కూడా వస్తానంటున్నది.