రంగులరాట్నం, రీకాయిల్, మా నాయన

నాకొక పిచ్చి ఉంది. క్రికెట్ పిచ్చి, సినిమా పిచ్చి అంటే జనం అర్థం చేసుకుంటారు గానీ ఇది చెబితే మాత్రం "పెళ్ళయి పిల్లలున్నోడివి, నీకిదేం పొయ్యేకాలం" అన్నట్టు చూస్తారు. రోలర్ కోస్టర్ల పిచ్చి. ఎక్కిన ప్రతి కోస్టరుకీ నా ఎక్సెల్ షీట్లో ఒక వరస ఉంటుంది. పేరు, పార్కు, తేదీ, ముందు సీటా వెనక సీటా... ఇలా. ఈ జబ్బు ఉన్నవాళ్ళ భాషలో ఎక్కిన కోస్టర్ల లెక్కని 'క్రెడిట్లు' అంటారు. నావి ప్రస్తుతానికి 41. వందలు దాటినవాళ్ళు అమెరికాలో బోలెడుమంది ఉన్నారు కాబట్టి ఆ లెక్కన నేనింకా ఎల్‌కేజీ అన్నమాట.

ఈ పిచ్చి ఎక్కడ మొదలైందని అడిగితే ఒహాయోలోని సీడార్ పాయింట్ అని చెప్పుకుంటుంటాను. ఆన్‌సైట్ వెళ్ళినప్పుడు అక్కడ మిలీనియం ఫోర్స్ ఎక్కాను. 310 అడుగుల ఎత్తు, గంటకి 93 మైళ్ళు. దిగాక పది నిముషాలు కాళ్ళు నావి కావు. కానీ నిజం చెప్పాలంటే మొదలైంది అక్కడ కాదు. మా ఊరి పక్క తిరునాళ్ళలో.

మాది తంబళ్లపల్లె. మదనపల్లె టమోటా మార్కెట్ పేరు వినే ఉంటారు, అక్కడికి సుమారు ముప్ఫై కిలోమీటర్లు. శివరాత్రికి మల్లయ్య కొండకి జనం వస్తారు చూడండీ, కొండ మీద దేవుడికి దండం పెట్టుకుని కిందికి దిగితే బొరుగులు, మిఠాయి, గాజులంగళ్ళు. పుంగనూరు జాతర, బోయకొండ, ఇలా చుట్టుపక్కల ఎక్కడ జనం కూడితే అక్కడ మా ఇంటినుంచి ఒక బండి బయల్దేరేది. మాకు దేవుడి కంటే రంగులరాట్నం ముఖ్యం. చిన్నప్పుడు నాలుగు చెక్క తొట్లని ఇద్దరు మనుషులు చేత్తో తిప్పేవాళ్ళు. తర్వాత తర్వాత డీజిల్ ఇంజను పెట్టిన జెయింట్ వీలు వచ్చింది.

ఒకసారి (ఏ తిరునాళ్ళో వద్దులెండి) ఆ జెయింట్ వీలు ఎక్కి తొట్లో కూర్చున్నాను. మూడో తరగతో నాలుగో తరగతో. మా నాయన కింద నిలబడి నన్ను చూడకుండా తొట్టి వేలాడే కడ్డీని చూస్తున్నాడు. ఆయనకి అదొక అలవాటు. బోరు మోటర్లూ, ఆయిలింజన్లూ సొంతంగా విప్పి బిగించుకునే మనిషి, ఏ యంత్రం కనబడినా చెయ్యి పెట్టి కదిలించి చూస్తాడు. కదిలించాడు. కడ్డీ జారిపోకుండా పిన్ను ఉండాల్సిన చోట వంచిన మేకు ఉంది.

"దిగరా" అన్నాడు.

నేను దిగనని ఏడ్చాను. రెక్క పట్టుకుని దించేశాడు. రాట్నం వాడు "ఏం కాదు పెద్దాయనా, రోజూ తిరగతాండేదే" అన్నాడు. నా తొట్లోకి ఇంకెవరో పిల్లలు ఎక్కారు. రాట్నం తిరిగింది. ఏమీ కాలేదు. వాళ్ళు నవ్వుకుంటూ దిగారు. అదే నాకు అన్నిటికంటే ఎక్కువ మండింది. ఏమీ కాలేదు కదా, మరి నన్నెందుకు దించినట్టు? ఆ కోపం చాలా ఏళ్ళు ఉండిపోయింది నాకు. నా డబ్బులతో నేను ఎన్నిసార్లయినా ఎక్కుతాను, ఎవరు దించుతారో చూస్తాను అన్న పంతమే ఈ 41 క్రెడిట్లకి అసలు కారణమేమో అని ఈమధ్య అనిపిస్తోంది.

ఎందుకనిపించిందంటే...

కిందటి వేసవి సెలవుల్లో మా నాయన, మా అక్క కొడుకు బెంగళూరు వచ్చారు. మావాడికి పదేళ్ళు. మామ దగ్గరికి రావడమంటే వాడికి ఒకటే అర్థం, వండర్‌లా. మైసూరు రోడ్డులో బిడది దగ్గర 2005లో పెట్టిన పార్కు అది. దాని అన్న కొచ్చిలో 2000లో మొదలైంది, తమ్ముళ్ళు హైదరాబాదులో 2016లో, భువనేశ్వర్లో 2024లో, చెన్నైలో 2025 డిసెంబరులో వచ్చారు. చెన్నైలో మా బోటిగాళ్ళు ఎదురుచూసిన తంజోరా అనే వేలాడే కోస్టరు పెట్టారు. పట్టాలు నెత్తి మీద, కాళ్ళు గాల్లో. చేసింది బొలిగర్ అండ్ మాబిలార్డ్ అనే స్విస్ కంపెనీ, ముంబై-పూణే దారిలోని ఇమాజికాలో 2013 నుంచీ తిరుగుతున్న నైట్రో కూడా వాళ్ళదే.

సరే, బిడది సంగతికొస్తే అక్కడ రీకాయిల్ అని ఉంది (హైదరాబాదు వాళ్ళకీ ఉంది). డచ్చి కంపెనీ వెకోమా 1984 నుంచి అమ్ముతున్న బూమరాంగ్ అనే మోడల్ ఇది. రైలుని వెనక్కి లాక్కుంటూ పైకి తీసుకెళ్ళి వదిలేస్తుంది. మూడుసార్లు తలకిందులై అటువైపు ఇంకో ఎత్తు ఎక్కి ఆగుతారు. అయిపోయిందనుకునేలోపు మళ్ళీ వదులుతుంది, వచ్చిన దారినే వెనక్కి ఇంకో మూడుసార్లు. మొత్తం ఆరు.

పొద్దున్నే తెరిచే టైముకి వెళ్ళాం. జనం ఇంకా రాలేదు. రీకాయిల్ రైలు ఖాళీగా తిరుగుతోంది. మావాడు ఎగిరి గంతేస్తున్నాడు. మా నాయన నిలబడిపోయాడు.

"మనుషుల్లేకుండా యాల తిప్పతాండారు?"

"పొద్దున్నే టెస్ట్ చేస్తారు నాయనా. జనాన్ని ఎక్కించే ముందు ఖాళీగా తిప్పి చూస్తారు."

"పట్టా మీద నుంచి పడిపోకుండా ఏముండాది?"

ఇలాంటి ప్రశ్న అడిగే మనిషి కోసం నేను ఎన్నాళ్ళనుంచో కాచుక్కూర్చున్నాను కదా! చెప్పాను. పట్టా పైన ఒక చక్రం, పక్కన ఒకటి, కింద ఒకటి. ఆ కింది చక్రమే తలకిందులైనా రైలుని పట్టా నుంచి లేవనివ్వదు, జాన్ మిల్లర్ అనే ఆయన 1919లో పేటెంట్ తీసుకున్న ఉపాయం. మామూలు కోస్టర్లలో గొలుసు రైలుని పైకి లాగేటప్పుడు టకటకమని శబ్దం వస్తుంది చూడు, అది గొలుసు తెగినా రైలు వెనక్కి జారకుండా పట్టుకునే కొక్కేలది. ఒకటికంటే ఎక్కువ రైళ్ళు తిరిగేచోట పట్టాని ముక్కలు ముక్కలుగా విడగొట్టి, ముందు ముక్క ఖాళీ అయ్యేదాకా వెనక రైలుని కంప్యూటరు వదలదు. రీకాయిల్లో ఒకటే రైలు కాబట్టి ఆ గొడవ లేదు.

మా నాయన అంతా విని "మేకు కొట్టలేదన్న మాట" అన్నాడు. ముప్ఫై ఏళ్ళు దాటినా ఆయనకి గుర్తుంది!

వరసలో మా వంతొచ్చింది. గేటు దగ్గర ఎత్తు చూసే గీత. మావాడు నిలబడ్డాడు. రెండు వేళ్ళ మందం తక్కువ. అక్కడున్న కుర్రాడు తల అడ్డంగా ఊపాడు. "ఆగల్ల సార్."

నేను మొదలుపెట్టాను. కన్నడంలో, హిందీలో, చివరికి ఇంగ్లీషులో. రెండు వేళ్ళే కదా, బూట్లు వేసుకుంటే సరిపోతుంది, అంత దూరం నుంచి వచ్చాం, నేను పక్కనే కూర్చుంటాను, నాకు వీటి గురించి నీకంటే ఎక్కువ తెలుసు. అవును, ఆ మాట కూడా అన్నాను. వెనక జనం విసుక్కుంటున్నారు. మావాడి కళ్ళలో నీళ్ళు. ఆ కుర్రాడికి ఇరవై రెండేళ్ళుంటాయేమో, గొంతు పెంచకుండా అదే మాట మళ్ళీ చెప్పాడు. "ఆగల్ల సార్."

మా నాయన వచ్చి మావాడి రెక్క పట్టుకున్నాడు. అచ్చం నా రెక్క పట్టుకున్నట్టే. నాతో మాత్రం ఒకటే అన్నాడు.

"ఆ పొద్దు రాట్నం కాడ ఇట్లాంటోడు ఒకడుండింటే నేను నిన్ను దించే పనే ల్యాకపొయ్యుండునురా."

నేను రీకాయిల్ ఎక్కలేదు ఆ రోజు.

ఇంటికొచ్చి పడుకున్నాక నిద్ర పట్టలేదు. పట్టని నిద్రలో గుర్తొచ్చింది స్మైలర్. ఇంగ్లండులో ఆల్టన్ టవర్స్ అనే పార్కులో 14 సార్లు తలకిందులు చేసే కోస్టరు. 2015 జూన్ 2న ఖాళీగా పంపిన ఒక టెస్టు రైలు మధ్యలో ఆగిపోయింది. వెనక 16 మంది ఉన్న రైలుని కంప్యూటరు సరిగ్గానే ఆపేసింది. కానీ ముందు రైలు ఆగిపోయిన సంగతి తెలియని ఇంజనీర్లు, ఇదేదో ఉత్తుత్తి అలారం అనుకుని సిస్టమ్ని పక్కనపెట్టి రైలుని వదిలారు. అది వెళ్ళి ఖాళీ రైలుని గుద్దింది. ఇద్దరు అమ్మాయిలకి చెరో కాలు తీసేయాల్సివచ్చింది. 2016లో కోర్టు యాజమాన్యానికి 50 లక్షల పౌండ్లు జరిమానా వేసింది. తప్పు ఒక్క ఇంజనీరుది కాదు, అలాంటప్పుడు ఏం చెయ్యాలో చెప్పే పద్ధతే లేకపోవడం అని తేల్చారు.

ఇది చదువుతున్నవాళ్ళలో చాలామంది మన ఫీల్డువాళ్ళే కాబట్టి అడుగుతున్నా, గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. ఫెయిలైన టెస్టుని "అది ఎప్పుడూ అంతే" అని స్కిప్ చేసి రిలీజ్ పంపినవాళ్ళు ఎంతమంది? నేను పంపాను. కొన్నేళ్ళ కిందట, ఒక శుక్రవారం సాయంత్రం. ఆ టెస్టు ఊరికే ఫెయిలవుతూనే ఉండేది. ఆ రోజు మాత్రం ఊరికే ఫెయిలవలేదు. శని, ఆదివారాలు కూర్చుని జనం ఖాతాల్లో రెండుసార్లు కట్ అయిన డబ్బులు వెనక్కి వేశాం. మనకైతే రోల్‌బ్యాక్ ఉంది. కాలికి రోల్‌బ్యాక్ లేదు కదా.

మరి మన దగ్గర? 2018 మేలో అనంతపురం ఎగ్జిబిషన్లో జెయింట్ వీలు తొట్టి ఊడి పడి పదేళ్ళ పాప చనిపోయింది. మా ఊరికి ఆమడ దూరంలో అన్నట్టే లెక్క. 2019 జూలైలో అహ్మదాబాదు కాంకరియాలో ఊగే రైడ్ విరిగి ఇద్దరు పోయారు. 2022 సెప్టెంబరులో మొహాలీలో పైకి తీసుకెళ్ళి దించే రైడ్ జనంతో సహా దబ్బున కింద పడింది. పేపర్లో ఒక రోజు వస్తుంది, యజమాని మీద కేసు అంటారు, మళ్ళీ ఇంకో ఊళ్ళో తిరునాళ్ళ మొదలవుతుంది.

తిరునాళ్ళ రాట్నం వాళ్ళని తిట్టి లాభం లేదు. ఒక్కసారి వాళ్ళ పని ఆలోచించండి. ఒక ఊళ్ళో రాత్రికి రాత్రి మొత్తం విప్పి, లారీకెత్తి, రెండు రోజుల్లో ఇంకో ఊళ్ళో బిగించాలి. మన భాషలో చెప్పాలంటే వారానికోసారి కొత్త సర్వర్ మీద, టెస్టింగ్ టీమ్ లేకుండా, నిద్రలేని మనుషులతో ప్రొడక్షన్ డిప్లాయ్‌మెంట్. పిన్ను పోతే మేకు కొడతాడు, ఇంకేం చేస్తాడు? అక్కడ "ఇవ్వాళ తిప్పొద్దు" అంటే ఆ రోజు కూలి పోతుంది. వద్దనే మనిషికి వద్దన్నందుకు కూడా జీతం ఇచ్చేచోటే యంత్రం భద్రంగా ఉంటుంది. వండర్‌లా గేటు దగ్గర కుర్రాడు నాలాంటి వాగుడుకాయలు వందమందికి కాదని చెప్పినా అతని జీతం కట్ కాదు. తేడా అంతా అక్కడే ఉందని నాకనిపిస్తుంది. స్టీలు, కంప్యూటరు, స్విస్ ఇంజనీర్లు, అవన్నీ ఆ తర్వాతే.

అమెరికాలో సీడార్ పాయింట్ వాళ్ళు కూడా ఇది కష్టంగానే నేర్చుకున్నారు. 420 అడుగుల టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్ నుంచి 2021లో ఒక ఇనుప ముక్క ఊడి వరసలో నిలబడ్డ ఆవిడ తలకి తగిలింది. రైడ్ మూసేశారు. మార్చి కట్టి 2024 మేలో తెరిచారు, రైళ్ళ విషయంలో అనుమానం వచ్చి వారం రోజులకే మళ్ళీ ఆపేశారు. అప్పుడు నాలాంటి అభిమానులందరం ఒకటే తిట్టుడు. సీజన్ అంతా పోయింది, టికెట్లు దండగ, ఇంత చేతకానివాళ్ళా అని. 2025లో గానీ మళ్ళీ తిరగలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ కోపం జెయింట్ వీలు దిగి ఏడ్చిన పిల్లాడి కోపమే.

ఈసారి శివరాత్రికో జాతరకో ఊరెళ్తే, పిల్లలు రాట్నం దగ్గర చెయ్యి లాగితే, మీరు ఫోన్లో ఫోటో తీసే ముందు ఒక్క నిముషం మా నాయనలాగా చూడండి. పిన్నులున్నాయా మేకులున్నాయా. కాళ్ళ కింద చెక్కలు నేలలోకి దిగబడ్డాయా. తొట్టి తలుపుకి గడియ పడుతోందా. తిప్పేవాడు బ్రేకు దగ్గరే ఉన్నాడా, బీడీకి వెళ్ళాడా. అనుమానం వస్తే దించెయ్యండి. ఏమీ కాకపోవచ్చు. చాలాసార్లు ఏమీ కాదు కూడా. పిల్లలు ఏడుస్తారు, చాలా ఏళ్ళు కోపంగా ఉంటారు. ఉండనీండి.

మొన్న మా అక్క ఫోన్ చేసింది. మావాడు వంటింటి గడప పక్కన గోడ మీద పెన్సిలుతో గీత గీసి రోజూ నిలబడి చూసుకుంటున్నాడట. "మామా, ఇంక ఒక వేలే" అన్నాడు ఫోన్లో. దసరా సెలవులకి రమ్మన్నాను. మా నాయన కూడా వస్తానన్నాడు. బీపీ ఉంది, నిన్ను ఎక్కించరు నాయనా అంటే, ఎక్కడానికి కాదంట. పొద్దున్నే ఖాళీ రైలు తిప్పేది ఇంకోసారి చూడాలంట.