చెత్తగుంటలో దాగిన వాయువు

పిల్లలూ! మీరెప్పుడైనా ధర్మవరంలో బెంగుళూరు రైలెక్కారా? ధర్మవరం పట్టుచీరలకు పేరుపొందిన ఊరు. అక్కడినుంచి కొంతదూరం వెళితే పెనుకొండ వస్తుంది. 1565లో తళ్ళికోట యుద్ధం జరిగాక విజయనగర రాజులకు ఇదే రాజధాని అయింది. అదీ దాటితే చింతపండు వ్యాపారానికి పేరుపడ్డ హిందూపురం.

మూడు ఊళ్ళలోనూ మార్కెట్లున్నాయి, హోటళ్ళున్నాయి, పెళ్ళిళ్ళు జరుగుతాయి. కూరగాయల తొక్కలూ, ఎంగిలి విస్తళ్ళూ, మిగిలిన అన్నమూ రోజూ పోగవుతాయి. మరి అవన్నీ ఏమవుతాయి?

నేను హెడ్మాస్టరుగా ఉన్న రోజుల్లో ఈ ప్రశ్న వేసుకోలేదు. బడిలో చెత్తనంతా లోతైన గుంటలో వేయించి, పైన మట్టి కప్పించేవాణ్ణి. కంటికి కనబడకపోతే శుభ్రమే అనుకున్నాను. అది నా పొరపాటు. ఎందుకో చెబుతాను.

తొక్కలను కుళ్ళబెట్టేవి సూక్ష్మజీవులు. గాలి తగిలేచోట ఉండేవి చెత్తను చక్కని ఎరువుగా మారుస్తాయి. గాలి ఆడనిచోట పెరిగేవి మీథేన్ అనే వాయువును పుట్టిస్తాయి. దానికి రంగూ లేదు, వాసనా లేదు. కాని భగ్గున మండుతుంది. 1776లో వోల్టా అనే ఇటలీ శాస్త్రవేత్త ఒక సరస్సు బురదలోనుంచి లేచే బుడగలను పట్టి, వెలిగించి చూశాడు. అది మీథేనే!

ఊరి చెత్తంతా ఒకేచోట కుప్పపోస్తే, లోపల గాలి ఆడదు. మీథేన్ పుడుతుంది. 2022 ఏప్రిల్‌లో ఢిల్లీలోని భల్‌స్వా చెత్తగుట్ట అంటుకుని, రోజుల తరబడి పొగ కక్కింది. అంటుకోకపోయినా ముప్పు ఉంది. నూరేళ్ళ లెక్కన చూస్తే, అంతే బరువుగల బొగ్గుపులుసు వాయువుకన్న మీథేన్ భూమిని సుమారు 28 రెట్లు ఎక్కువగా వేడెక్కిస్తుంది. అయితే అది గాలిలో ఉండేది సుమారు 12 ఏళ్ళే. కనుక ఇవాళ ఆపితే, ఆ మేలు మీరు పెద్దయ్యేసరికి చూడవచ్చు.

ఆ వాయువును పట్టి వాడుకోవచ్చు కూడా. హైదరాబాదు బోయినపల్లి మార్కెట్లో, అమ్ముడుపోని కూరగాయలను మూసిన తొట్టెలలో కుళ్ళబెట్టి, 2021 నాటికే కరెంటు తీశారు.

ఇక మన రైతును చూడండి. హిందూపురం పక్క పల్లెల్లో పట్టుపురుగులు పెంచేవారిని అడగండి. పురుగులు తినగా మిగిలిన మల్బరీ ఆకును ఎరువు చేసి, మళ్ళీ మల్బరీ తోటకే వేయవచ్చునని చెబుతారు. ఆకు ఇచ్చిన నేలకే ఆకు తిరిగి చేరుతుందన్నమాట!

మీరూ ఈ పని చేయవచ్చు. ఇంట్లో తొక్కలను ప్లాస్టిక్‌తో కలపకుండా వేరే బుట్టలో వేయమని అమ్మకు చెప్పండి. చిల్లులున్న కుండలో ఒక వరుస తొక్కలు, ఒక వరుస ఎండుటాకులు వేయండి. వారానికోసారి కర్రతో తిరగవేస్తే లోపలికి గాలి పోతుంది. కొన్ని నెలలకు తొక్కలు పోయి, తొలకరి మట్టివాసన వేసే నల్లని ఎరువు మిగులుతుంది.

ఇప్పుడు మా పెరట్లో అలాంటి కుండలు మూడున్నాయి. ఆనాటి బడిగుంట బాకీని ఇలా కొంచెం కొంచెంగా తీర్చుకుంటున్నాను. మీకు మాత్రం ఆ బాకీ పడే అవసరమే లేదు కదూ!