నాసా చెప్పిన మొక్కలు

ఢిల్లీలో అక్టోబరు నెలాఖరుకి నర్సరీల ముందు ఒక బోర్డు లేస్తుంది: "ఎయిర్ ప్యూరిఫయర్ మొక్కలు". అరెకా పామ్, స్నేక్ ప్లాంట్, మనీ ప్లాంట్, పీస్ లిలీ. మిగతా కాలమంతా ఇవి డ్రాయింగ్ రూము అలంకరణ మొక్కలే. దీపావళి దాటి ఆకాశం బూడిదరంగుకి తిరిగేసరికి వీటికి వైద్యగుణాలు పుట్టుకొస్తాయి, ధర కూడా పెరుగుతుంది. ఎలాగయ్యా అని అడిగితే నర్సరీ అతను చెప్పే ఆధారం ఒక్కటే. "నాసా చెప్పింది సార్."

"శాస్త్రాల్లో ఉంది" అని ఎవరైనా అంటే మనం వదలం. ఏ శాస్త్రం, ఎక్కడుంది, ఎవరు పరీక్షించారు అని నిలదీస్తాం. మరి నాసా అనగానే ఎందుకు ఊరుకోవాలి? ఇక్కడా అవే ప్రశ్నలు వేద్దాం.

నాసా చెప్పిన మాట నిజమే. 1989లో వుల్వర్టన్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఆ నివేదిక ఇచ్చారు. అంతరిక్ష నౌకలాంటి మూసేసిన చోట గాలిని శుభ్రపరచడం ఎలా అన్నది వాళ్ళ ప్రశ్న. గాలి చొరబడని ప్లాస్టిక్ పెట్టెలో మొక్కని పెట్టి, బెంజీన్, ఫార్మాల్డిహైడ్, ట్రైక్లోరోఇథిలీన్ ఆవిర్లు వదిలి, ఇరవైనాలుగు గంటల్లో ఎంత తగ్గిందో కొలిచారు. తగ్గింది. కొన్ని పరీక్షల్లో వేళ్ళ దగ్గర బొగ్గు ఫిల్టరు, దానిలోంచి గాలిని లాగే ఫ్యాను కూడా పెట్టారు. ఈ ఫ్యాను, బొగ్గు నర్సరీ బోర్డు మీదికి ఎక్కలేదు!

మన ఇల్లు మూసేసిన పెట్టె కాదు. తలుపు సందుల్లోంచి, కిటికీ అంచుల్లోంచి గాలి వస్తూ పోతూనే ఉంటుంది. 2019 నవంబరులో కమింగ్స్, వేరింగ్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు అప్పటిదాకా జరిగిన పన్నెండు అధ్యయనాల్లోని 196 ఫలితాల్ని ఒకే కొలతలోకి మార్చి చూశారు. ఒక మొక్క గంటకి ఎంత గాలిని శుభ్రం చేస్తుంది? మధ్యస్థంగా 0.023 ఘనమీటర్లు. మన బెడ్‌రూము పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు అనుకుంటే సుమారు 28 ఘనమీటర్లు. భాగించి చూడండి. ఒక్క మొక్క ఆ గది గాలిని ఒక్కసారి శుభ్రం చెయ్యడానికి యాభై రోజులు పడుతుంది. గాలి దానంతట అదే వచ్చిపోయేదానితో సమానం కావాలంటే చదరపు మీటరు నేలకి 10 నుంచి 1000 మొక్కలు కావాలని వాళ్ళ లెక్క. అప్పుడు మంచం ఎక్కడ వేస్తారో నాకు తెలీదు.

ఇదంతా ఆవిర్ల సంగతి. ఢిల్లీ శీతాకాలపు అసలు శత్రువు ఆవిరి కాదు, పీఎం 2.5 అనే సన్నటి నలుసు. దాన్ని 1989లో పరీక్షించనే లేదు. ఆకు మీద కొంత దుమ్ము వాలుతుంది, నిజమే. పుస్తకాల బీరువా మీదా వాలుతుంది. బీరువాని ప్యూరిఫయర్ అని ఎవరూ అమ్మడం లేదు కదా.

ఈ నమ్మకానికి ఢిల్లీలోనే ఒక ప్రసిద్ధ చిరునామా ఉంది. నెహ్రూ ప్లేస్‌లోని పహాడ్‌పూర్ బిజినెస్ సెంటర్. ఢిల్లీ గాలి పడక ఊపిరితిత్తులు దెబ్బతిన్న కమల్ మియత్తల్ అనే ఆయన ఆ భవనం నిండా మొక్కలు పెంచారు. 300 మందికి 1200 పైచిలుకు మొక్కలు. 2009లో టెడ్ వేదిక మీద మూడు మొక్కల పేర్లు చెప్పిన ఆయన ప్రసంగం ప్రపంచమంతా తిరిగింది. ఆయన చిత్తశుద్ధిని నేను శంకించను. కానీ ఆ భవనంలో బయటి గాలిని కడిగి, వడగట్టి లోపలికి పంపే ఏర్పాటు కూడా ఉంది. డాక్టరు మందూ, తాయెత్తూ రెండూ వాడి జ్వరం తగ్గితే ఘనత దేనిది అన్నది మన పాత ప్రశ్నే.

ఇక "రాత్రిపూట కూడా ఆక్సిజన్ ఇచ్చే మొక్క" కథ. తులసికీ, రావికీ ఉన్న ఈ బిరుదు ఇప్పుడు స్నేక్ ప్లాంట్‌కి కూడా వచ్చింది. ఎడారి మొక్కల తరహాలో అది రాత్రి ఆకురంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటుంది. అంతవరకు నిజం. ఆక్సిజన్ మాత్రం నీటిని వెలుతురు విడగొడితేనే పుడుతుంది. చీకట్లో ఏ మొక్కా ఆక్సిజన్ తయారుచెయ్యదు. అసలు దాని అవసరం మాత్రం ఏముంది? మన 28 ఘనమీటర్ల గదిలో దాదాపు 5,900 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. ఎనిమిది గంటల నిద్రలో మనిషి వాడుకునేది సుమారు 120 లీటర్లు. రాత్రి చెట్టుకింద పడుకుంటే ప్రాణం తీస్తుందన్న భయం కూడా ఈ లెక్కతోనే పోతుంది.

వాస్తువాళ్ళ మాట కూడా చెప్పాలి. మనీ ప్లాంట్ ఆగ్నేయంలో పెడితే ధనం వస్తుందట. ఆ తీగ సొంత ఊరు పసిఫిక్ మహాసముద్రంలో మోరియా అనే దీవి. మన ప్రాచీన వాస్తు మునులకి దాని మూల ఎలా తెలిసిందో!

ఇంత గొడవ ఎందుకూ, మొక్కలేగా, ఎవరికి నష్టం అని మిత్రుడొకరు అన్నాడు. నష్టం మా ఎదురు ఫ్లాట్‌లో చూశాను. మేముండేది మయూర్ విహార్‌లో. వాళ్ళది తెనాలి వైపు. బాబుకి ఆరేళ్ళు, ఉబ్బసం. గదిలో ఫిల్టరు మిషను పెట్టమనీ, ఇన్‌హేలర్ మానొద్దనీ డాక్టరు చెప్పాడు. వాళ్ళు పద్నాలుగు కుండీలు కొన్నారు. "మిషనంటే కరెంటు ఖర్చు, ఇది సహజం కదా అన్నయ్యగారూ" అంది ఆ అమ్మాయి. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని పూటకొకటి తగ్గించారు కూడా. వద్దమ్మా అని నేను చెబితే, ఆయన ఫోనులో నాసా జాబితా చూపించాడు. నవంబరు రెండో వారంలో ఒక అర్ధరాత్రి పిల్లాడు నీలంగా మారిపోతే ఆటోలో ఆస్పత్రికి పరుగెత్తాం. నెబ్యులైజరు పెట్టారు, నిలదొక్కుకున్నాడు.

వాడు తిరిగొచ్చాక ఆ గదిలోనే కొలిచాం. వాదన పెట్టుకోలేదు, నా దగ్గరున్న చిన్న పీఎం మీటరు పట్టుకెళ్ళాను. మొక్కలతో మొదటి రాత్రి లోపల 212, బయట 290. రెండో రాత్రి కుండీలన్నీ బాల్కనీలోకి పంపాం. లోపల 205, బయట 284. మూడో రాత్రి అరువు తెచ్చిన హెపా ఫిల్టరు మిషను, తలుపు మూసి. ముప్పావుగంటలో 38. ఒక గది, మూడు రాత్రులు... ఇది పరిశోధన అని నేనూ అనను. కానీ ఆ తల్లి మీటరు వంక చూసి, మర్నాడే ఇన్‌హేలరు టైము గోడమీద రాసిపెట్టింది.

మొక్కలు పారెయ్యమని నేనెప్పుడూ చెప్పలేదు. నా బాల్కనీ నిండా మొక్కలే. ఏ మొక్కని ఎందుకు పెంచుతున్నామో తెలిస్తే చాలు. మే నెలలో పడమటి బాల్కనీకి సంకుపూల తీగ పాకిస్తే గోడ వేడెక్కడం బాగా తగ్గుతుంది, ఇది చెయ్యిపెట్టి చూస్తేనే తెలుస్తుంది. గోంగూర, కరివేపాకు ఢిల్లీ ఎండని తట్టుకుంటాయి. అరెకా పామ్ మడగాస్కర్ తడి గాలికి పుట్టింది, ఇక్కడి వడగాలికి దాని ఆకుకొనలు మాడతాయి. ఆర్వో మిషను వదిలేసే నీళ్ళు ఉప్పు నీళ్ళు, అవి పోస్తే ఇంకా మాడతాయి. ఆ నీళ్ళు ఇల్లు తుడవడానికి వాడుకోండి. సీసాలో మనీ ప్లాంట్ పెట్టుకునేవాళ్ళు వారానికోసారి నీళ్ళు మార్చాలి. డెంగీ దోమ గుడ్డు నుంచి బయటికొచ్చి ఎగరడానికి వారం పది రోజులు చాలు. 2015లో ఢిల్లీలో పదిహేను వేలమందికి పైగా డెంగీ వచ్చింది. ఇంటింటికీ వచ్చే కార్పొరేషన్ వాళ్ళు కూలరుతో పాటు పూలసీసాలోకి తొంగిచూసేది ఇందుకే.

తోటమాలి గాలికి చెయ్యగలిగిన మేలు ఒకటుంది. ఎండుటాకులు తగలబెట్టకపోవడం. మా కాలనీలో ప్రతి చలికాలం ఆకులు ఊడ్చి గేటు పక్కన నిప్పు పెట్టేవారు. ఇది నిషేధమని అందరికీ తెలుసు. సగం మంట చెత్త వదిలించుకోవడానికి, సగం రాత్రి కాపలా కుర్రాడి చలికి. అతనికి ప్యూరిఫయరూ లేదు, బెడ్‌రూమూ లేదు. పొగంతా అతనే పీల్చాలి. కమిటీ మీటింగులో అతనికొక ఎలక్ట్రిక్ హీటరు కొనమని అడిగితే గంటన్నర చర్చ జరిగింది. అదే మీటింగులో లాబీకి అరెకా పామ్‌లు అయిదు నిమిషాల్లో మంజూరయ్యాయి. హీటరు చివరికి చందాలతో వచ్చింది. పార్కు వెనక గొయ్యి తవ్వి ఆకులు అందులో వేస్తున్నాం, పైన కాస్త పేడ, నీళ్ళు. వర్షాకాలం వెళ్ళేసరికి నల్లటి ఎరువు అయింది. లాబీలో పామ్‌లకి కూడా దాన్నే వేస్తున్నాం.