అటక మీద విండోస్ 98

మా ఇంట్లో అటక మీద ఒక పాత సీపీయూ ఉంది. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ అది అక్కడే ఉంది, మీద గోనెసంచి కప్పుకొని. మొన్న సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్తే నాన్న దాన్ని కిందకి దించి, పాత సామాన్లవాడి కోసం గుమ్మం దగ్గర పెట్టాడు. "కిలోల లెక్కన తీసుకుంటాడంట" అన్నాడు.

సీఎస్‌ఈ సెకండియర్ చదివే కూతురు ఇంట్లో ఉండగా హార్డ్ డిస్క్ చూడకుండా అమ్మేస్తారా ఎవరైనా? స్క్రూడ్రైవర్ తెచ్చి విప్పేశా.

ముందు నాన్న గురించి రెండు ముక్కలు చెప్పాలి. నాన్న డీటీపీ ఆపరేటర్. 1998లో చిలకలూరిపేటలో ఒక షాపులో పనికి చేరాడు. కొన్నేళ్లకి ఆ ఓనరు కొత్త సిస్టమ్ కొనుక్కుని పాతదాన్ని నాన్నకి అమ్మాడు. దాంతోనే నాన్న సొంతంగా షాపు పెట్టుకున్నాడు. పెళ్లి శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, మిర్చి కమీషన్ కొట్ల బిల్లు పుస్తకాలు, జిన్నింగ్ మిల్లుల లెటర్‌హెడ్‌లు, ఎన్నికలప్పుడు కరపత్రాలు, ఇవే పనులు. తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి, షాపు మూసేశాడు. "డిగ్రీ ఎందుకు మధ్యలో మానేశావ్ నాన్నా?" అని నేను ఎప్పుడడిగినా ఒకటే జవాబు. "నాకు చదువు ఎక్కలేదులే."

డిస్క్ 4.3 జీబీ. ఇవాళ నా ఫోన్‌లో వాట్సాప్ ఒక్కటే అంతకంటే ఎక్కువ తింటోంది. పాత ఐడీఈ కనెక్షన్ కాబట్టి యూఎస్‌బీకి మార్చే అడాప్టర్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించా. ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. పాత డిస్క్ దొరికితే వెంటనే ఫోల్డర్లు తెరిచి చూడొద్దు. ముందు మొత్తం డిస్క్‌ని బిట్టుకి బిట్టు ఒక ఇమేజ్ ఫైల్‌గా కాపీ చేసుకుని, తర్వాత ఏ ప్రయోగమైనా ఆ కాపీ మీదే చేయాలి. ఎందుకంటే అది ఏ నిమిషంలో ఆగిపోతుందో చెప్పలేం. లైనక్స్‌లో డీడీరెస్క్యూ అనే టూల్ ఉంది. చదవలేని చోట ఆగిపోకుండా ముందుకెళ్లి, వదిలేసిన చోట్లకి మళ్లీ వస్తుంది. రాత్రంతా నడిచింది. సీ డ్రైవ్‌లో బ్యాడ్ సెక్టార్లు చాలా ఉన్నాయి, విండోస్ ఫైళ్లు కొన్ని పోయాయి. డీ డ్రైవ్ మాత్రం దాదాపు మొత్తం వచ్చింది. నాన్న పనంతా ఉన్నది అందులోనే.

సంబరంగా ఒక ఫైల్ తెరిచి చూశా. పేజ్‌మేకర్ 6.5 ఫైల్ అది. ఈ రోజు ఏ సాఫ్ట్‌వేర్ దాన్ని సరిగ్గా తెరుస్తుంది? లోపలున్న టెక్స్ట్‌ని మాత్రం బయటికి లాగి చూస్తే డాలర్ గుర్తులు, పర్సంటేజీలు, నెత్తిన చుక్కలున్న యూరప్ అక్షరాలు. తెలుగు ఒక్క అక్షరం లేదు.

ఇలా ఎందుకవుతుందో నాకూ అప్పటిదాకా తెలీదు. యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే, అంటే 1991లోనే, తెలుగు ఉంది. కానీ మామూలు కంప్యూటర్‌లో అది పనిచేయాలంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కి తెలియాలి కదా. విండోస్‌లో తెలుగుకి సపోర్టు, గౌతమి ఫాంటుతో సహా, 2001లో వచ్చిన ఎక్స్‌పీతో వచ్చింది. అంతకుముందు డీటీపీ షాపుల్లో నడిచింది ఒక ఉపాయం. ఒక ఫాంటులో ఉండేవి 256 స్థానాలు. మన గుణింతాలు, ఒత్తులు అన్నీ కలిపితే అందులో పట్టవు. అందుకని అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక చోట, గుడి ఒక చోట, కొమ్ము ఒక చోట, ఒత్తులు ఇంకో చోట. ఆ ముక్కల్ని ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ ఉండే స్థానాల్లో కూర్చోబెట్టారు. కంప్యూటర్ దృష్టిలో అది తెలుగు కాదు, ఏవో ఇంగ్లీషు అక్షరాల వరస. ఫాంటు ఉంటే తెలుగులా కనపడుతుంది. ఫాంటు తీసేస్తే చెత్త. పైగా ఒక్కో కంపెనీ ఫాంటుకి ఒక్కో వరస.

వీటిని యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. ఒకటి రెండు ప్రయత్నించా. ఏ ఫాంటో, ఏ వెర్షనో సరిగ్గా తెలియకపోతే సగం తెలుగు, సగం గోల వస్తుంది. కాబట్టి నమ్మకమైన దారి ఒక్కటే. ఆ ఫైల్ పుట్టిన కంప్యూటర్‌లోనే దాన్ని తెరవాలి. ఆ కంప్యూటర్ లేదు కాబట్టి, అలాంటిదాన్ని తయారు చేయాలి.

నాన్న సీడీల పౌచ్‌లో విండోస్ 98 సీడీ, దాని కీ, పేజ్‌మేకర్ సీడీ దొరికాయి. ముందు వర్చువల్‌బాక్స్‌లో వేశా. సగం దాకా వెళ్లి, రీస్టార్ట్ అయ్యాక "విండోస్ ప్రొటెక్షన్ ఎర్రర్" అని నల్ల స్క్రీన్ మీద ఆగింది. మూడుసార్లు అదే. వర్చువల్‌బాక్స్ మన అసలు ప్రాసెసర్ మీదే పాత సిస్టమ్‌ని నడిపిస్తుంది. మెగాహెర్ట్జ్‌ల కాలంలో పుట్టినదానికి ఇప్పటి ప్రాసెసర్ అంతు చిక్కడం లేదని అర్థమైంది. దానికి కావలసింది ఎమ్యులేటర్. అంటే పాత ప్రాసెసర్‌నీ, మదర్‌బోర్డునీ, గ్రాఫిక్స్ కార్డునీ సాఫ్ట్‌వేర్‌లో అనుకరించేది. 86బాక్స్ అలాంటిదే. అందులో నిజంగా షాపుకెళ్లి కంప్యూటర్ కొన్నట్టే ఉంటుంది. బోర్డు ఎంచుకోవాలి, పెంటియం ఎంచుకోవాలి, ర్యామ్ 64 ఎంబీ పెట్టాలి, సౌండ్ బ్లాస్టర్ 16 తగిలించాలి. నా ల్యాప్‌టాప్ ఫ్యాన్ మిక్సీలా మోగింది, లోపల నడిచింది మాత్రం 200 మెగాహెర్ట్జ్ మెషీన్.

ఎఫ్‌డిస్క్‌తో పార్టిషన్ చేశా. ఫార్మాట్ అని కొడితే అసలు ఆ డ్రైవే లేదంది. గంట కొట్టుకున్నా. అప్పుడు నాన్న పక్కనుంచి వెళ్తూ, స్క్రీన్ కూడా సరిగ్గా చూడకుండా, "ఎఫ్‌డిస్క్ అయ్యాక రీస్టార్ట్ చేశావా?" అన్నాడు. చేయలేదు. చేశా. ఫార్మాట్ మొదలైంది. మా ల్యాబ్‌లో వందమందిలో ఎవరికీ తెలియని సంగతి, చదువు ఎక్కని మా నాన్నకి నిద్రలో కూడా తెలుసు.

ఇన్‌స్టాలేషన్ అయ్యి డెస్క్‌టాప్ వచ్చేటప్పుడు మోగే మ్యూజిక్ ఉంటుంది చూడండి, అది మోగింది. నాన్న భుజాన తువ్వాలుతో వంటింట్లోంచి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. "ఏందమ్మాయ్ ఇది" అని నవ్వాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇక నన్ను కీబోర్డు ముట్టుకోనివ్వలేదు.

నాన్న ఫైళ్లన్నీ ఒక ఐఎస్‌ఓగా చేసి ఎమ్యులేటర్‌కి సీడీలా ఇచ్చా. పేజ్‌మేకర్ వేశాం. ఒక ఫైల్ తెరవగానే, ఫాంటు లేదు, బదులు ఇంకోటి వాడనా అని అడిగింది. డీ డ్రైవ్ బ్యాకప్‌లో ఉన్న తెలుగు ఫాంట్లు ఫాంట్స్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి మళ్లీ తెరిచాం. అంతే. డాలర్లు, పర్సంటేజీలు పోయి, స్క్రీన్ నిండా ముత్యాల్లాంటి అక్షరాలు. "చి. ల. సౌ." అని మొదలయ్యే ఒక శుభలేఖ. నాన్న పేరు పేరునా చెప్పుకుంటూ పోయాడు. "ఇది గింజల కొట్టు వాళ్లమ్మాయిది. ఇది మన మేష్టారిది. వీళ్లు డబ్బులు ఇవ్వనే లేదు."

ఆ ఫైళ్లలో అర్జీ అనే ఫోల్డర్ ఉంది. రైతులు ఆఫీసులకి పెట్టుకునే అర్జీలు టైప్ చేయించుకోవడానికి షాపుకి వచ్చేవాళ్లట. పంట నష్టానివి, పాసుపుస్తకాలవి, కరెంటు మోటారువి. నాన్న పొలానికి వెళ్లాక నేనొక్కదాన్నే కూర్చుని అవి చూస్తున్నా. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియం నాది. తెలుగు కూడబలుక్కుని చదువుతా. అందుకే సంతకం దగ్గర పేరు ముందు చూసి, తర్వాత పైకి వెళ్తున్నా. ఒకదాని కింద మా తాతయ్య పేరుంది.

ఆ పేరుతో మూడు ఫైళ్లున్నాయి. అర్జీ ఒకటి, రెండు, మూడు. తేదీ 1999 మార్చి, మూడూ ఒకేరోజువి. మొదటిది పొద్దున పదకొండుకి సేవ్ అయింది. మూడోది సాయంత్రం ఆరున్నర దాటాక. మధ్యలో ఒక శుభలేఖ ఫైల్ కూడా ఉంది.

"మనవి చేసుకొను విన్నపము ఏమనగా" అని మొదలై, మొదటి ఫైల్ తర్వాత అచ్చం తాతయ్య మాట్లాడినట్టే ఉంది. నాలుగెకరాల్లో పత్తి వేశాను, రెండెకరాలు సొంతం, రెండెకరాలు కౌలు. శనగపచ్చ పురుగుకి పద్దెనిమిది సార్లు మందు కొట్టినా పోలేదు. ఎకరానికి రెండు క్వింటాళ్లు కూడా రాలేదు. మందుల కొట్లో బాకీ ఉంది. ఆ తర్వాత ఈ నాలుగు వాక్యాలు. "మా పిల్లవాడు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతుంటే మానిపించి పనిలో పెట్టాను. వాడు బాగా చదివేవాడు. తప్పు నాది. ఈ ఏడు అప్పు వాయిదా వేస్తే వాణ్ని మళ్లీ కాలేజీకి పంపుకుంటాను."

రెండో ఫైల్‌లో "తప్పు నాది" లేదు. మూడో ఫైల్‌లో ఆ నాలుగు వాక్యాలూ లేవు. ఎకరాలు, క్వింటాళ్లు, వాయిదా, ప్రార్థన, సంతకం. అంతే ఉంది.

టైప్ చేసింది నాన్నే. అప్పుడు నాన్న వయసు ఇరవై. నాకంటే ఒక్క ఏడాది పెద్ద. తాతయ్య పక్కన నిలబడి చెప్తుంటే, తన గురించి తనే టైప్ చేశాడు. తర్వాత తనే తీసేశాడు.

సాయంత్రం నాన్న వచ్చాక ఏమీ అనకుండా మొదటి ఫైల్ తెరిచి చూపించా. చదివాడు. చాలాసేపు స్క్రోల్ బార్ పట్టుకుని కూర్చున్నాడు.

"ఏది ఇచ్చారు నాన్నా?"

"మూడోదే."

"అవి ఎందుకు తీసేశావ్?"

"పేజీ సరిపోలా."

మూడో ఫైల్‌లో పేజీ కింద సగం ఖాళీగానే ఉంది. నేను ఆ మాట అనలేదు.

"వాయిదా వచ్చిందా మరి?"

"రాలా. ఎకరం అమ్మాం" అని లేచాడు. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "మొదటిది ప్రింట్ తియ్యి. నాయనమ్మకి చదివి వినిపిద్దువుగాని."

పేజ్‌మేకర్‌లోంచి పోస్ట్‌స్క్రిప్ట్ ఫైల్‌గా తీసి, ఎమ్యులేటర్‌లోని 1.44 ఎంబీ ఉత్తుత్తి ఫ్లాపీలో వేసి బయటికి తెచ్చి, పీడీఎఫ్ చేశా. అది కాక, యూనికోడ్‌లో నేనే మళ్లీ మొత్తం టైప్ చేశా. ఒక్క పేజీకి రెండు గంటలు పట్టింది. మళ్లీ ఇరవై ఏళ్ల తర్వాత ఇంకెవరూ దీనికోసం పెంటియం వెతుక్కోకూడదు.

నాయనమ్మకి చదివి వినిపించా. "ఫలసాయం" దగ్గర తడబడితే తనే అందించింది. ఆ నాలుగు వాక్యాల దగ్గరికి వచ్చేసరికి, "మళ్లీ చదువు" అంది. చదివా. "నాతో ఎప్పుడూ అన్లేదే ఈ మాట" అంది. తాతయ్య పోయి మూడేళ్లయింది. నాన్న మంచం పక్కన నిలబడి సెల్‌ఫోన్ చూసుకుంటున్నాడు, స్క్రీన్ ఆఫ్‌లో ఉంది.

మిగతా అర్జీలు వేరేవాళ్లవి. వాళ్ల అప్పులు, వాళ్ల పేర్లు. నేను వాటిని చదవడం ఆపేశా. వాళ్ల పిల్లలెవరైనా అడిగితే ఇద్దామన్నాడు నాన్న. సీపీయూ మళ్లీ అటకెక్కింది. డిస్క్ ఇమేజ్ మూడు చోట్ల దాచా.

ఫ్రెండ్స్, మీలో చాలామంది ఇళ్లలో ఇలాంటిది ఒకటి ఉంటుంది. ప్రెస్సులో పనిచేసిన బాబాయిది, స్కూల్లో పనిచేసిన అత్తయ్యది. పాత సామాన్లవాడికి వేసేముందు హార్డ్ డిస్క్ ఒక్కటి విప్పి పక్కన పెట్టండి. అడాప్టర్ నా దగ్గరుంది. గర్ల్స్ హాస్టల్, సెకండ్ ఫ్లోర్. ఇమేజ్ తీసి పెడతా. లోపలేముందో మాత్రం మీరే, మీ ఇంట్లోవాళ్ల పక్కన కూర్చుని చూసుకోండి.