పట్టుపోగు వెంట జపానుకు

పిల్లలూ! పట్టుగూడును ఎప్పుడైనా చేతిలోకి తీసుకొని చూశారా? పట్టుపురుగు తన చుట్టూ తానే అల్లుకునే ఇల్లు అది. మంచి జాతి గూడులో ఒకే ఒక పోగు సుమారు 1,000 మీటర్ల పొడవున చుట్టుకొని ఉంటుంది. ఆ పోగు కొస పట్టుకొని ఈ నెల మనం జపానుకు ప్రయాణం చేద్దాం. ఒక దేశం మరొక దేశంనుంచి పని ఎలా నేర్చుకుంటుందో దారిలో తెలుసుకుందాం.

టోక్యోలో బుల్లెట్ రైలు ఎక్కితే గంటలోపుగా తకసాకి చేరతాం. అక్కడ చిన్న రైలు మారి కొండల వైపుగా వెళితే తొమియోకా అనే ఊరు వస్తుంది. స్టేషనులో దిగి కాస్త దూరం నడవగానే పొడవాటి ఎర్ర ఇటుకల భవనాలు కనబడతాయి. జపాను ప్రభుత్వం 1872లో తెరిచిన పట్టుమిల్లు ఇదే. పోగు తీసే శాల పొడవు 140 మీటర్లు. అందులో వేడినీటి తొట్టెలు 300.

ఈ మిల్లు ఎందుకు కట్టారు? 1859లో యోకొహామా రేవు తెరవగానే విదేశీ వర్తకులు జపాను పట్టుకోసం ఎగబడ్డారు. గిరాకీ పెరిగింది. తొందరలో తీసిన దారం ఒకచోట లావు, ఒకచోట సన్నం! సరుకుకు చెడ్డపేరు వచ్చింది. అందుచేత ప్రభుత్వం ఫ్రాన్సు దేశస్థుడైన పాల్ బ్రూనాను పిలిపించింది. ఇటుకలు కాల్చడం అక్కడివారికి అలవాటు లేని పని. ఇంటిపెంకులు కాల్చేవారే ఆ పని నేర్చుకొని ఇటుకలు చేశారు. సిమెంటు లేదు గనుక సున్నంతో గోడలు లేపారు.

భవనం లేచింది. యంత్రాలు వచ్చాయి. పనిలో చేరడానికి మాత్రం ఒక్క ఆడపిల్ల కూడా రాలేదు! కారణం వింటే నవ్వు వస్తుంది. ఫ్రెంచివారు ఎర్రని ద్రాక్షసారాయి తాగుతారు గదా? దాన్ని చూసి, "వాళ్ళు మనుషుల రక్తం తాగుతారట!" అని పుకారు పుట్టింది. అప్పుడు మిల్లు అధికారి ఒదకా అత్సుతదా తన కూతురు యూను పనిలో చేర్పించాడు. ఆమె మీలాగే బడి వయసు పిల్ల. ఆమెను చూసి మిగిలినవారు ధైర్యం తెచ్చుకున్నారు. దేశం నలుమూలలనుంచి అమ్మాయిలు వచ్చారు.

వారికి ఫ్రాన్సునుంచి వచ్చిన స్త్రీలు పని నేర్పారు. గూళ్ళను వేడినీటిలో వేస్తే వాటి జిగురు మెత్తబడుతుంది. కొస దొరకబుచ్చుకొని, కొన్ని గూళ్ళ పోగులను కలిపి ఒక దారంగా లాగాలి. ఒక పోగు తెగితే వెంటనే మరొకటి అందించాలి. క్షణం ఆలస్యమైతే దారం సన్నబడుతుంది. ఆ సంగతి కంటికి, వేలికి తెలియాలి. పుస్తకం చదివితే రాదు. పక్కన కూర్చున్నవారి చేతిని చూసి నేర్చుకోవలసిందే.

ఇలా నేర్చినవారిలో వదా ఎయి అనే యువతి ఉంది. 1873లో వచ్చి, మరుసటి ఏడు తన ఊరు మత్సుషిరోకు తిరిగివెళ్ళి, అక్కడ కొత్తగా పెట్టిన మిల్లులో తోటివారికి పని నేర్పింది. ఆ ప్రాంతపు మిల్లులకు ఫ్రాన్సు యంత్రాలు కొనే స్తోమతు లేదు. చాలాచోట్ల ఇనుముకు బదులు కర్ర, లోహపు తొట్టెలకు బదులు మట్టి తొట్టెలు వాడుకున్నారు. నలభై ఏళ్ళు తిరగకుండానే జపాను ముడిపట్టు ఎగుమతిలో ప్రపంచంలోనే మొదటి స్థానానికి వచ్చింది.

మరి నేర్చుకున్న దేశం తరువాత ఏమి చేసింది? అది చూడాలంటే టోక్యోకు తిరిగి రావాలి. నగరానికి ఉత్తరాన సెంజు అనే పేట ఉంది. పూర్వం కాలినడకన పోయే బాటసారులకు అది తొలి మజిలీ. బషో మహాకవి 1689లో తన పెద్ద యాత్ర ప్రారంభించింది ఇక్కడినుంచే. ఇప్పుడు ఇక్కడికి వచ్చే బాటసారులు వేరు. 1959లో ఏర్పడిన ఏఓటీఎస్ అనే సంస్థ శిక్షణకేంద్రం ఇక్కడ ఉంది. ఆసియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాల కంపెనీలు తమ ఇంజనీర్లను, పనివారిని ఇక్కడికి పంపుతాయి.

వారు వసతిగృహంలో ఉంటూ మొదట కొన్ని వారాలపాటు జపాను భాష, ఆచారాలు నేర్చుకుంటారు. తరువాత ఒక జపాను కంపెనీ కార్ఖానాకు వెళ్ళి, అక్కడివారి పక్కన నిలబడి పని నేర్చుకుంటారు. అక్కరలేనిది తీసివేయడం, ప్రతి పనిముట్టుకూ ఒక చోటు ఏర్పరచడం వంటి చిన్న సంగతులు కూడా అక్కడ పాఠాలే. కంపెనీలు నడిపే పెద్దలకు వేరే తరగతులు ఉంటాయి. తిరిగివెళ్ళినవారు తమ దేశాలలో పాత విద్యార్థుల సంఘాలు పెట్టుకున్నారు. చెన్నైలోని అలాంటి సంఘం జపాను భాషా తరగతులు నడుపుతున్నది.

అయితే ఒక చేదు సంగతి కూడా చెప్పాలి. జపాను 1993లో మరొక పథకం పెట్టింది. ఇతర దేశాల యువకులు వచ్చి పని నేర్చుకుని వెళ్ళడం దాని ఉద్దేశం. కాని ఎన్నోచోట్ల శిక్షణ అనేది పేరుకే మిగిలింది. వచ్చినవారిచేత తక్కువ జీతానికి చాకిరీ చేయించారు. ఇష్టం లేకపోయినా యజమానిని మార్చుకోవడం కష్టమయింది. ఫిర్యాదులు పెరగగా, ఆ పథకాన్ని తీసివేసి కొత్త పద్ధతి పెట్టడానికి జపాను 2024లో చట్టం చేసింది. కనుక పెద్దలారా, మీ పిల్లలు శిక్షణకని దూరదేశం వెళ్ళేటప్పుడు జీతమెంత అని మాత్రమే అడగకండి. అక్కడ ఏమి నేర్పుతారు, ఎవరు నేర్పుతారు అని కూడా అడగండి.

ఇక మన పోగు కొస ఎక్కడికి చేరిందో చూద్దాం. జపాను పట్టుపురుగుల జాతులు తెల్లని, పొడవైన పోగునిస్తాయి. కాని అవి చల్లని దేశపు జీవాలు. మన ఎండలకు, తెగుళ్ళకు తట్టుకోలేవు. అందుచేత మన రైతులు వాటిని పెంచడానికి భయపడేవారు. 1991నుంచి మైసూరు పరిశోధనాలయంలో మన శాస్త్రజ్ఞులూ జపాను నిపుణులూ కలిసి మన వాతావరణానికి సరిపడే జాతులను తయారుచేశారు. 2002నుంచి 2007వరకు కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రైతులకు వాటిని పెంచే పద్ధతి నేర్పారు. పురుగుల ఇల్లు మనుషుల ఇంటికి వేరుగా, గాలి ఆడేటట్టు కట్టడం, ముందుగా మందునీళ్ళతో శుభ్రం చేయడం, మల్బరీ ఆకులు కోసివేయకుండా కొమ్మలతోనే మేత వేయడం ఆ పద్ధతిలోని సంగతులు.

హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టుకు ఎప్పుడైనా వెళితే, పచ్చని గూళ్ళ పక్కన తెల్లని గూళ్ళ రాశులు కనబడతాయి. ఆ తెల్లని గూళ్ళు పండించిన రైతును, "ఈ పని ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" అని అడగండి. ఆయన పక్క ఊరి రైతు పేరు చెప్పవచ్చు.

తొమియోకా మిల్లు 1987లో మూతపడింది. 2014నుంచి అది ప్రపంచ వారసత్వ స్థలం. జపానులో ఇప్పుడు పట్టుపురుగులు పెంచే కుటుంబాలు చాలా కొద్ది. పట్టు ఉత్పత్తిలో ప్రపంచంలో రెండవ స్థానం మన దేశానిది. ఒకప్పుడు ఆ శాలలో అమ్మాయిలు నేర్చుకున్న పని ఇంకొకరికి నేర్పారు గనుక నిలిచింది. మీకు బాగా వచ్చిన పని ఒకటి ఉంటుంది గదా? ఈ సెలవుల్లో దాన్ని మీ తమ్ముడికో చెల్లెలికో పక్కన కూర్చోబెట్టుకొని నేర్పి చూడండి.