మూడు నీళ్ళు

మావారు గేరు కర్రను ‘డి’లోకి లాగారు. కారు కదల్లేదు. కాసేపు ఆలోచించుకుని, వెనకనుంచి ఎవరో తోసినట్టు ఒక్క కుదుపుతో ముందుకు పోయింది.

“ఏం లేదులే, చలికి బిగుసుకుంది” అన్నారాయన.

మే నెలలో, మా మహమ్మద్‌నగర్‌లో, చలేమిటండీ!

ఈ కారు మాకు షోకుకోసం కొన్నది కాదు. మూడేళ్ళ క్రితం మావారికి పక్షవాతం వచ్చింది. చెయ్యి తేరుకుంది గాని ఎడమకాలు పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. ఇక క్లచ్ తొక్కే బండి నడిపే యోగం లేదు. డాక్టరుగారు సరేనన్నాక, వాడిన ఐ-టెన్ ఆటోమేటిక్ ఒకటి కొన్నాం. దానికి కుడికాలొక్కటే చాలు. మొదటి సాయంత్రం ఒక్కరే నిజాంసాగర్ కట్టదాకా పోయి వచ్చి, పరీక్ష ప్యాసైన కుర్రాడిలా గుమ్మంలో నిలబడి నవ్వారు. అప్పట్నించీ నా లెక్కలో ఆ గేరుబాక్సు మావారి ఎడమకాలే.

తెలిసిన మెకానిక్‌ను పిలిపించాను. ఇంజను వేడెక్కాక, అది నడుస్తుండగానే డిప్‌స్టిక్కు తీసి, తెల్లగుడ్డమీద తుడిచి చూపించాడు. నూనె మట్టం సరిగ్గానే ఉంది. కాని ఎర్రగా ఉండాల్సింది డికాక్షన్ రంగులో ఉంది. వాసన చూద్దును గదా, అచ్చం మాడిన పోపు!

“మరి మార్చెయ్ బాబూ” అన్నాను.

“వద్దమ్మా! లక్ష కిలోమీటర్లకు దగ్గర పడ్డది. గింతకాలం మార్చని బండిల కొత్త నూనె పోస్తే ఆడ్నే కూసుంటది. గెలకకుండ్రి” అన్నాడు.

హైదరాబాదులో ఉన్న మా మరిది కొడుక్కి ఫోను చేశాను. “పెద్దమ్మా, మిషను పెట్టి ఫ్లష్ చేయిస్తే పాత నూనె దాదాపు మొత్తం ఒకేసారి పోతుంది. బండి ఇక్కడికి పంపించు” అన్నాడు. మావారేమో, “జీవితాంతం మార్చక్కర్లేని నూనె అని అమ్మినాయన చెప్పాడుగా” అన్నారు. ఎవరి జీవితాంతమో ఆయన చెప్పలేదు.

మా ఇంట్లో పెళ్ళిసంబంధాలకు కూడా ఇన్ని అభిప్రాయాలు రాలేదు.

చివరికి నేనే అడిగి తెలుసుకున్నాను. ఆ పెట్టెలో రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా ఉన్నట్టు ఊహించుకోండి. ఒకటి నూనెను విసిరితే ఆ విసురుకి రెండోది తిరుగుతుంది. గేర్లు మార్చేదీ ఆ నూనె ఒత్తిడే, లోపల వేడిని మోసుకుపోయేదీ, పళ్ళచక్రాలు అరగకుండా చూసేదీ అదే. అత్తగారింట్లో పెద్దకోడలన్నమాట. ఎర్రరంగు అందానికి కాదట, కారితే ఇంజనాయిలు కాదని గుర్తుపట్టడానికట. అన్నట్టు, 1970ల మొదలుదాకా అమెరికాలో ఈ నూనెలో తిమింగలం నూనె కూడా కలిపేవారు! మడిగట్టుకునే మా అత్తగారు ఆ రోజుల్లో అక్కడ కారెక్కలేదు, నయం.

కొత్త నూనెవల్ల బండి కూర్చుంటుందన్న మాట పూర్తిగా అబద్ధమూ కాదు. లోపలి పలకలు అప్పటికే అరిగిపోయి ఉంటే ఎలాగూ జారుతాయి. నింద మాత్రం ఆ వారం పోసిన నూనెమీద పడుతుంది. అయితే మా పెట్టె ఏ స్థితిలో ఉందో ఎవరు చూశారు? అక్కడే నాకు నిద్ర పట్టలేదు. మార్చి చెడగొడితే తప్పు నాది. మార్చక చెడితే ఎవరిదీ కాదు. కాని ఇంట్లో కూర్చోవలసింది మాత్రం ఆయనే.

తెల్లవారి బియ్యం కడుగుతుంటే తట్టింది. ఆ పెట్టెలో మొత్తం 6 లీటర్ల పైచిలుకు నూనె పడుతుంది. కింద మర విప్పితే వచ్చేది సుమారు 3 లీటర్లే, మిగతాది లోపలే దాక్కుంటుంది. ఒకసారి మారిస్తే పాతది సగం మిగులుతుంది. కొన్నాళ్ళు నడిపి మళ్ళీ మారిస్తే పావు. మూడోసారికి అరపావు. బియ్యానికి మూడు నీళ్ళు పోసినట్టే! ఏ దశలో తేడా కనిపించినా అక్కడే ఆపెయ్యొచ్చు. అన్నీ ఒక్కరోజులో తేల్చేసే ఫ్లష్‌లో ఆ వెసులుబాటు లేదు.

మెకానిక్ తల గోక్కున్నాడు. “మూడుసార్లా? ఎవ్వలు చేయించుకోలేదమ్మా” అన్నాడు. కారు పుస్తకంలో వ్రాసిన ఎస్‌పి-3 రకం తప్ప ఇంకోటి పోయనివ్వనని ఎదుటే పీట వేసుకు కూర్చున్నాను. తీసిన నూనెను గిన్నెతో కొలిచి, అంతే పోయించాను.

మొదటిసారి డికాక్షన్ వచ్చింది. రెండు వారాలకు టీ. మూడోసారి వచ్చింది చూసి మెకానిక్కే, “ఇగ శర్బతే అమ్మా!” అన్నాడు.

కుదుపు పోయింది. పొద్దున్నే మొదటిసారి ‘డి’లో పెట్టినప్పుడు మాత్రం రెప్పపాటు ఆగి కదులుతుంది. ఆ రెప్పపాటు నేను వంటింట్లోంచి వింటూనే ఉంటాను. మావారు చెయ్యి ఊపి కట్టవైపు వెళ్ళిపోతారు. మిగిలిన అరలీటరు ఎర్రనూనె డబ్బా అటకమీద పెట్టాను, మనవలు శర్బతనుకోకుండా పైన పెద్దక్షరాలతో “కారుది” అని వ్రాసి.