వెలుగు ఉంటే చాలునా?

కరెంటు ఉన్నదా, పోయినదా అని అడగడం మనకు అలవాటు. వచ్చిన కరెంటు ఎటువంటిదని అడిగేవారు అరుదు. తెలుగు పాఠాలు చెప్పుకొనే మాకు ఈ విషయంతో పనియేమని కొందరు మిత్రులు నవ్వవచ్చు. కాని వసతిగృహ బాధ్యత మాపై ఉన్నందువల్ల, భౌతికశాస్త్ర శాఖవారిని అడిగి కొంత తెలుసుకొన్నాము. అది విద్యార్థులకు, కార్యవర్గ సభ్యులకు ఉపయోగపడగలదని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మన దేశంలో విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తుల లయతో నడుస్తుంది. 2013 డిసెంబరు 31న రాయచూరు - షోలాపూరు లైను ద్వారా దక్షిణాది గ్రిడ్డు మిగిలిన దేశంతో కలిసినది మొదలు దేశమంతటికీ ఒకే లయ. అది 49.90కీ 50.05కీ నడుమ ఉండాలని నిబంధన. పద్యానికి గణాలెట్లో విద్యుత్తుకు ఈ లయ అట్లు. మహాగ్రిడ్డులో అసంఖ్యాకమైన భారీ యంత్రాలు ఏకగతిన తిరుగుతుంటాయి. ఒక ఇంట మోటారు వేసినంత మాత్రాన ఆ వేగం చలించదు.

తనకు కావలసిన విద్యుత్తును తానే ఉత్పత్తి చేసుకొనే చిన్న గ్రిడ్డుకు అంతటి నిబ్బరం లేదు. గత రంజాన్ మాసంలో ఒకనాడు సహరీ వేళ కరెంటు పోగా, వసతిగృహం జనరేటరు మీద నడుస్తున్నది. ఎవరో నీళ్ల మోటారు వేశారు. దీపాలు క్షణకాలం మసకబారి తిరిగి వెలిగాయి. ఆ క్షణంలోనే ఒక విద్యార్థి కంప్యూటరు ఆగి, అతడు వ్రాసుకొన్న ప్రాజెక్టు నివేదికలో కొన్ని పుటలు పోయాయి. మోటారు కదిలే తరుణంలో మామూలుకంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. చిన్న జనరేటరు ఆ తాకిడికి ఓర్వలేదు. వోల్టేజీ, లయ రెండూ జారిపోతాయి.

ఇప్పుడు మన కార్యవర్గం మేడపై సౌరఫలకాలు అమర్చదలచినదని విని సంతోషించాము. అయితే సౌరఫలకాలలో తిరిగే చక్రం లేదు. తాకిడిని కాచుకొనే బరువూ లేదు. పైగా సాధారణమైన సౌర ఇన్వర్టరు, గ్రిడ్డులో కరెంటు పోగానే ఎంత ఎండ కాస్తున్నా తానూ ఆగిపోతుంది. స్తంభమెక్కి పనిచేసే లైన్‌మన్ ప్రాణరక్షణకై ఏర్పరచిన కట్టడి అది.

మరొక చిక్కు కంటికి కనిపించదు. ఎల్.ఇ.డి. దీపాలు, కంప్యూటర్లు, చార్జర్లు కరెంటును సాఫీగా గాక తునకలు తునకలుగా తీసుకొంటాయి. అందువల్ల హార్మోనిక్స్ అనే అదనపు ప్రకంపనాలు పుడతాయి. వాటిలో మూడవ హార్మోనిక్, మూడు ఫేజుల నుండీ వచ్చి న్యూట్రల్ తీగలో ఒకదానితో ఒకటి కూడుతుంది. తీగ సన్ననిదైతే వేడెక్కుతుంది. పిల్లలు నిద్రించే కట్టడంలో ఇది ఉపేక్షించదగినది కాదు.

కనుక కార్యవర్గానికి మా విన్నపం: ఎన్ని కిలోవాట్లు అన్న ప్రశ్నతో అంచనాను ముగించవద్దు. గ్రిడ్డు లేనప్పుడు వోల్టేజీని, లయను స్వయంగా నిలపగల ఇన్వర్టరు, దానికి తగిన బ్యాటరీ, మోటారును మెల్లగా కదిలించే సాఫ్ట్ స్టార్టరు, తగినంత మందం గల న్యూట్రల్ తీగ, మూడు ఫేజులకు సమంగా పంచిన బరువు - వీటికీ నిధులు కేటాయించాలి. ఫలకాల సంఖ్య కొంత తగ్గినా నష్టం లేదు.

విద్యార్థులకు చెప్పవలసినది ఒక్కటే. మహాగ్రిడ్డులో ఒకరి అజాగ్రత్త ఎవరికీ తెలియదు. చిన్న గ్రిడ్డులో ఒకరు నొక్కిన స్విచ్చు పక్కగదిలోని వానికి తగులుతుంది. మన కళాశాల వంటి చిన్న సంస్థలోనూ అంతే. జనరేటరు నడుస్తున్నప్పుడు మోటారు వేసే ముందు, పక్కగదిలో చదువుకొంటున్న వానికి ఒక మాట చెప్పండి.